ఎడమ లైటు

ములుగు రోడ్ల మొన్న రాత్రి
మా కారును మోటరుసైకిలనుకొని
మీది మీదికొచ్చిండొకడు.

నూటెనభై పెట్టి తెచ్చిన బల్బు
అట్టడబ్బల అట్లనే కూసుంది.
కాశిబుగ్గ గల్లీల, బానెట్ కింద
నా చెయ్యి మణికట్టు దాకా పోయి ఇరికింది.
బ్యాటరీకీ దీపానికీ నడుమ
కంపెనోడు జానెడు జాగ గూడ ఇడువలే.

రబ్బరు టోపీ ఊడింది.
తీగె క్లిప్పు మాత్రం
దొరికినట్టే దొరికి జారి
బొటనవేలు గీరింది.
వంగి చూద్దామంటె
నా తలకాయ నీడే అడ్డం.

నైట్ డ్యూటీకి తయారైన సుగుణ
జడ వెనక్కేసుకుంట వచ్చింది.
"అద్దం ముట్టకు.
చేతి జిడ్డంటితె వేడికి ఆడ్నే పలుగుతది."
సంచిలకెల్లి గ్లౌజులు తీసి తొడుక్కుంది,
ఎంజీఎం వాసన గల్లీలకొచ్చింది.

కండ్లు మూసుకుంది.
వార్డుల పసిపిల్లల చేతుల మీద
నరం దేవులాడుతదే, అట్ల.
"కనవడేదాంక చూస్తె తెల్లారుతది.
వేలుకు తెలుస్తది, ఆగు."

టక్.

ఎదురింటి సాంబలక్ష్మి గోడ మీద
రెండు వెలుగులు.
కుడిది పసుప్పచ్చగ, పాతది.
ఎడమది జర తెల్లగ, జర పైకి.
ఎటు పోవాల్నో తెల్వక
నడుమ చీకట్ల ఆగిన బల్లి.

"సమంగ లేవు" అన్న.
"ఎనిమిదికి పది తక్కువుంది" అన్నది,
డోరు తీసి కూసుంది.

పోచమ్మ మైదాన్ కాడ
ఎదురొచ్చిన ఆటో అతను
కండ్లకు చెయ్యడ్డం పెట్టుకొని
ఏదో తిట్టిండు.
"కారనే తిట్టిండు తియ్" అని నవ్వింది సుగుణ.
డ్యాష్‌బోర్డు మీద ఆమె గ్లౌజులు,
వేళ్ల ఆకారం ఇంకా పోలే.