ఉత్తరం

ఆనందపురం దాటాక ఎర్రమట్టి దారిలో మా నర్సరీ.
నేను లెక్కలు రాస్తాను.
చుట్టుకొలత, ఎత్తు, క్రేను కిరాయి,
తొంభై రోజుల హామీ.

పొగడ. నాలుగో వరస, పదిహేడో నంబరు.
నేను పనిలో చేరిననాడు నా భుజందాకా లేదు.
ఇప్పుడు దాని నీడన రెండు స్కూటర్లు పెడతాం.

రుషికొండ హోటలు వాళ్లు అడ్వాన్సు పంపిన రోజే
దాలయ్య గునపం తీశాడు.
మొదలు చుట్టూ సగమే తవ్వి
దూరం పాకిన వేళ్లు కోసి
ఊకా మట్టీ కలిపి పూడ్చాడు.
మిగతా సగం రెండు నెలలు పోయాక.
"ఒక్కపాలే కోసేత్తే సచ్చిపోద్ది అమ్మగోరూ.
సెట్టుకి ముందే సెప్పాల.
ఎల్లిపోతన్నానని తెలిస్తే
దగ్గర్లోనే సన్నేళ్లు ఏసుకుంటాది."

మార్గశిరం చివర ఒక రాత్రి
వేరుముద్దకి గోనెలు చుట్టి, కొబ్బరితాళ్లు బిగించి,
లారీ ఎక్కించే ముందు
సున్నం డబ్బాలో వేలు ముంచి
బెరడు మీద నిలువుగా ఒక గీత గీశాడు.
తొమ్మిదేళ్లుగా ఎండ ఎరగని వైపు.
"అక్కడా ఇది ఉత్తరానికే ఉండాల."

జీతం పుస్తకంలో వేలిముద్ర వేసే మనిషి
రాసిన ఉత్తరం.

మధురవాడలో కరెంటు తీగల్ని
వెదురుగడతో ఎత్తి పట్టుకున్నారు కుర్రాళ్లు.
ఎండాడ మలుపు తిరిగి
ఉప్పుగాలి తగలగానే
ఆకులన్నీ ఒక్కసారి వెల్లకిలా పడ్డాయి.

హోటల్లో గొయ్యి సిద్ధం. డిజైనరూ సిద్ధం.
గేటు వైపు నిండుగా కనపడాలన్నాడు.
నిండు కొమ్మలు దక్షిణానివి,
గేటేమో ఉత్తరాన.
కొక్కేనికి వేలాడుతూ
చెట్టు గాల్లోనే అరచుట్టు తిరిగింది.
దాలయ్య నా వైపు చూశాడు.
నేను చెక్కు వైపు చూశాను.

పన్నెండో రోజుకి ఆకంతా రాల్చేసింది.
ఫోన్ మీద ఫోన్. చచ్చిందా? హామీ ఉందా?
దాలయ్య పొద్దున్నే బస్సెక్కేవాడు.
సున్నపు గీత మీద తడిగోనె కప్పి
చిటికెనవేలి గోటితో కొమ్మ గీరి
సాయంత్రం వచ్చి ఒకటే మాట:
"లోన పచ్చే."
బస్సు ఛార్జీలు 'ఇతరములు' కింద రాశాను.

రెండు వానాకాలాలు పోయాక
బాకీ వసూలుకి వెళ్లాను.
గీత లేదు. ఆ చోట
బెరడు చిట్లి, ఉబ్బి, మానిన మచ్చ.
నేల మీద పొగడపూలు.
వాచ్‌మన్ ఒకటి చొక్కా జేబులో వేసుకున్నాడు.
మేనేజరు మాత్రం చిరాకుగా ఉన్నాడు,
"చూడండి మేడం,
గుబురంతా వెనక గోడ వైపు పోతోంది.
గేటు దగ్గర బోసిగా ఉంది.
మళ్లీ తిప్పడానికి ఎంతవుతుంది?"

నర్సరీకొచ్చి చెబితే
దాలయ్య నవ్వుతాడనుకున్నాను.
నవ్వలేదు.
ఇంకో చెట్టుకి గీత గీసి
వేలు లుంగీకి తుడుచుకుంటూ అడిగాడు,
"పూసిందేటి?"