ఎడమ పక్కకు తిరిగి

ఎంబరారా ఆసుపత్రిలో
పన్నెండు జిల్లాల దగ్గు ఒకే వరండాలో దగ్గుతుంది.
మంచాల కింద జమ్ము చాపలు,
చాపల మీద తోడొచ్చినవాళ్లు.
వార్డు వెనక అరటికాయలు ఆకుల్లో ఉడుకుతుంటే
ఆ ఆవిరి కిటికీలోంచి దూరి
ఫినాయిల్‌తో తగువు పెట్టుకుంటుంది.

మూడో సంవత్సరం. మేం పదకొండు మందిమి, స్టెతస్కోపులు ఏడు.
నా మెడలోది మా అక్క ఆవుని అమ్మి కొన్నది.
మెడ మీద ఆవు బరువే ఉండేది.

పద్నాలుగో మంచం, కెన్యాంగి.
పాలమ్ముకునే మనిషి, ఇంకా నలభై దాటలేదు,
రెండు మెట్లెక్కితే ఊపిరి కింది మెట్టు మీదే ఉండిపోతుంది.
చిన్ననాడు వచ్చి పోయిందనుకున్న గొంతునొప్పి
నిజానికి పోలేదు,
గుండె గుమ్మంలో కూర్చుని తలుపు బిగిస్తూ వచ్చింది.
"పుస్తకాలు మూసెయ్యండి," అన్నారు ప్రొఫెసర్ బితారబెహో,
"ఇవాళ్టి పుస్తకం ఈవిడ."

ఒకరి తర్వాత ఒకరం వంగాం.
చల్లటి లోహం ఆనిన ప్రతిసారీ ఆమె రెప్ప అదిరేది,
అంతకుమించి ఏమీ అనేది కాదు.
నా వంతు.
లబ్, డబ్.
వరండాలో ఎవరి బిడ్డో ఏడుపు.
లబ్, డబ్.
నా చెవుల్లో నా నెత్తురు హోరే.
"విన్నావా?"
"విన్నాను సార్."

దొరికిపోయాననే అనుకున్నాను.
ఎవరూ గమనించలేదు. గుంపు పదిహేనో మంచానికి కదిలింది.

కెన్యాంగి నా కోటు కొస పట్టుకుంది.
"నీకు వినపడలేదు.
ఏడేళ్లుగా వస్తూ పోతూ ఉన్నాను,
విన్నవాళ్ల ముఖం వేరుగా ఉంటుంది."
నేను అడగకుండానే ఎడమ పక్కకు తిరిగింది.
"మీ అమ్మ ఒళ్లో సొరబుర్ర పెట్టుకుని పాలు చిలికేదా?
ఊపు ఆపాక కూడా లోపల పాలు దొర్లుతాయే,
ఆ చప్పుడు కోసం చూడు.
గట్టిగా అదమకు. ఈనిన గంటకి దూడను తాకినట్టు తాకు."
ఊపిరి వదిలి, బిగబట్టింది,
ఆమె దగ్గర ఉన్నదే కాస్త ఊపిరి.

విన్నాను.
డబ్ తర్వాతి ఖాళీలో,
ఎక్కడో లోపలి గదిలో,
గుడగుడమని దొర్లే బొంగురు చప్పుడు.
చెవితో కాదు, వేలి కొసతో విన్నట్టుంది.

ఆ తర్వాత చాలాసేపు దగ్గింది.
కప్పుతో నీళ్లు తెచ్చిచ్చాను. వెబారే అన్నాను, మా భాషలో కృతజ్ఞత.
పరీక్షలో ఆ మాటకు మార్కులుండవు.

కంపాలాలో ఆపరేషన్ల జాబితా ఒకటుంది.
ఆమె పేరు నలభై ఒకటో వరసలో.
సెలవులయ్యి వచ్చేసరికి
పద్నాలుగో మంచం మీద విరిగిన కాలుతో ఒక డ్రైవరు.
నర్సుని అడగొచ్చు.
అడగలేదు.
ఇప్పటికీ ఆ నర్సు ఎదురైతే వాతావరణం గురించి మాట్లాడతాను.

ఇప్పుడు ఇసింగిరో కొండల్లో నా ఆరోగ్య కేంద్రం:
ఒకటే గది, సోలార్ దీపం, జీతం రాని నెలలు.
ఇవాళ ఒక పిల్లని మోసుకొచ్చారు. కెమిరెంబె, పదమూడేళ్లు.
నీళ్ల డబ్బాతో కొండెక్కుతూ సగంలో కూలబడిందట.
"సోమరిది," అంది వాళ్ల పిన్ని.

ఎడమ పక్కకు తిరగమన్నాను.
దూడను తాకినట్టు తాకాను.
ఎవరి ఒళ్లోనో సొరబుర్ర ఊగి ఆగింది,
లోపల పాలు దొర్లాయి.

బయట మోటారుసైకిలు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.
పెద్దాసుపత్రికి చీటీ రాశాను:
పేరు, వయసు, అనుమానం, సంతకం.
ఆ పైన చీటీ తిరగేసి
ఎవరికని రాయాలో తెలియక ఇలా రాశాను:

ఈ పిల్ల చుట్టూ నిలబడబోయే పదకొండు మందికీ.
వినపడకపోతే వినపడలేదని చెప్పండి.
అడిగితే మళ్లీ పక్కకు తిరుగుతుంది,
కానీ ఆ తిరగడానికి ఊపిరి ఖర్చవుతుంది.
తాకే ముందు ఆ లోహాన్ని
కాసేపు మీ అరచేతిలో ఉంచుకోండి.