గాలి పని

కరపత్రం మీద అచ్చేసిన్రు:
టైలర్ బర్నబా గారి ఒంటరి వాద్యం,
శనివారం సాయంత్రం ఆరింటికి, పాట లేదు.
'పాట లేదు' అన్న కాడ
సంఘపెద్దలు అర్ధగంట కొట్లాడిన్రట.
పాట లేకుంటే ఎవరొస్తరు,
అన్నం లేని విస్తరి చూడనీకా?

నలభై ఒక్క ఏండ్లు మా నాయిన
పాట కిందనే ఉన్నడు,
కోటు లోపలి అస్తరు లెక్క.
చినిగితే తప్ప
అస్తరును ఎవరు చూస్తరు?

మర్రిగూడ పిల్లగాడు.
పదకొండేండ్లకు దేవరకొండ బోర్డింగుల పడ్డడు.
దొరసాని ఆర్గన్ పెట్టె తుడవమంటే
తుడుస్త తుడుస్త ఒక మెట్టు నొక్కిండు.
ఏం రాలే.
కాళ్లతోని తొక్కితేనే పలుకుతదని
ఎవరూ చెప్పలే.
వారం రోజులు ఆ మూగ మెట్ల మీదనే
ఆదివారం విన్న పాటంత వాయించుకున్నడు.
దొరసాని తలుపుకాడ నిలబడి చూసింది. కొట్టలే.
బూట్లిడిసి, బల్ల మీద కూసుండి,
గాలి ఎక్కడ పుడుతదో చూపింది.

నెలకు ఐదు రూపాయలు, క్రిస్మస్‌కు ఒక పంచె.
మిగిలిన ఆరు రోజులు
బస్టాండు ఎదురుంగ కుట్టు మిషను.
అదీ కాళ్ల పనే.
పెండ్లిపిల్లకు జాకెట్టు కుట్టి,
ఆ పెండ్లికే వాయించి,
ముప్పై ఏండ్లకు ఆమెను సాగనంపే పాటా తనే వాయించి
ఇంటికొచ్చి అనేటోడు:
"కొలతలు ఇంకా యాదికున్నయి."

పట్నం పెద్ద గుడి నుంచి ఒకసారి పిలుపొచ్చింది.
పోయిండు. బెంచీ మీద కూసున్నడు.
కరెంటు గాలి అని తెలిసి
"మరి నా కాళ్లకేం పని?" అని
రాత్రి బస్సుకే మళ్లిండు.

మర్రిగూడ నీళ్లు
ముందు పండ్లకు పసుపు పూసినయి,
తర్వాత వెన్నులకు దిగినయి,
ఆఖరికి మోకాళ్లల్ల కూసున్నయి.
అప్పుడు నాది నాలుగో తరగతి.
గౌను మాస్తదని అమ్మ మొత్తుకున్నా
కాళ్లు నొచ్చిన ఆదివారాలు
పెట్టె కిందికి దూరి
రెండు చేతులతోని తొక్కుడుపలకలు ఒత్తేదాన్ని.
ఒక్క ప్రసంగం యాదికి లేదు.
ఎలుక కొరికిన తోలు వాసన ఉంది,
నాయిన ఎడమ మేజోడుకు
బొటనవేలు కాడ చిల్లు ఉంది.

ఆ శనివారం కరెంటు పోయింది. మంచిదే అయింది.
మొదటి దాంట్లనే అందరికీ వినపడ్డది
కిర్రు, కిర్రుమని.
పాత పెట్టె గద, అనుకున్నరు.
పెట్టెకు పొద్దున నేనే నూనె పెట్టిన.
అవి మోకాళ్లు.
ఇన్నేండ్లు రెండొందల గొంతులు
కప్పి పెట్టిన చప్పుడు.

రెండో దానికి
వెనక బెంచీల ఎస్తేరమ్మ ఆగలేక ఎత్తుకుంది.
ఆమె పక్కామె. ఆ పక్క బెంచీ.
నాయిన తల తిప్పలే.
మెల్లగ స్వరాన్ని ఒక మెట్టు పైకి జరిపిండు,
మళ్ల ఒకటి,
గొంతులు అందుకోలేక ఒక్కొక్కటే దిగిపోయినయి.
ఎస్తేరమ్మ ఆఖరిదాక వదలలే,
దగ్గొచ్చి ఊకున్నది.

మూడోది ఏ కీర్తనల పుస్తకంల లేదు.
నాకు తెలుసు అది,
మిషను మీద వంగి తీసే కూనిరాగం.
గిరాకీ వస్తే ఆగిపోయేది,
దారం తెగితే ఆగిపోయేది.
దాని చివర నేనెన్నడూ వినలే.
ఎప్పుడూ ఆగే చోటికే వచ్చింది,
వచ్చి ఆగింది.
కుడి మోకాలు బిగుసుకపోయింది.
మెట్ల మీద వేళ్లు ఆడుతున్నయి,
పదకొండేండ్ల పిల్లగానివి,
చప్పుడు లేకుండ.

నాకు నలభై మూడేండ్లు.
హైస్కూల్ల లెక్కలు చెప్పుత.
ఇస్త్రీ చేసిన గద్వాల చీర.
కొంగు బిగించి కిందికి దూరిన.

కింద నుంచి వింటే
పాట ఇంకా పాట కాలేదు, ఉత్త గాలే,
మోచేతుల నొప్పే.
అది ఎప్పుడు అయిపోయిందో కూడ తెల్వదు.
పైన చప్పట్లు పడ్డంక
ఆ మేజోడు కదిలి నా చేతిని తట్టింది.

పెట్టె రిపేరుకు చందా
మూడువేల నూట నలభై, ఒక చెల్లని నోటు.
ఇంటికి నడుస్తుంటే
నా భుజం మీద చెయ్యేసి,
నాలుగడుగులకు ఒకసారి ఆగుకుంట అన్నడు:
"చివర్ల గాలి జర ఆలస్యం చేసినవు బిడ్డా."