పుల్లలు తక్కువున్న గొడుగు

ఆషాఢంల పెండ్లిళ్లు ఉండయి.
బరాత్ కారుకు నెల రోజులు సెలవు.
నా చేతులే ఊకుండలేదు.

శివనగర్ల రేకుల షెడ్డు కింద
మీగడ రంగు పాత హెరాల్డు.
దాని మడత టాపు తెరిస్తే
మెట్లెక్కే మోకాలోలె కిర్రుమంటది.
పోయిన మాఘంల ఒక పెండ్లికొడుకు
సగం లేచిన టాపు కింద వంగి కూసొని
మట్టెవాడ దాక తల ఎత్తలేదు.
వాళ్ల మేనమామ ఐదువందలు తక్కువిచ్చిండు.

మెకానిక్కు అడిగింది నాలుగు వేలు.
గ్రీజు డబ్బ నూట ఇరవై.
లెక్క అల్కగనే ఉన్నది.

విప్పుడు ఎంతసేపు?
పదమూడో నంబరు పానా, సుత్తె, గ్యాసునూనె సీస,
ఒక్క పగటి పని.
విప్పిన ప్రతి పట్టీ మీద సుద్దముక్కతోని రాసిన,
ఎడమదానికి ఎ, కుడిదానికి కు.
చాటల వరుసగ పేర్చిన,
బియ్యంల రాళ్లేరినంత ఓపికతోని.

రాత్రి వాన.
షెడ్డు రేకుకు సరిగ్గ చాట మీదనే చిల్లు.
తెల్లారి చూస్తే
ఎ లేదు, కు లేదు.
పాలోలె తెల్లబడ్డ నీళ్లల్ల
ఇరవై రెండు ఇనుప ముక్కలు,
జాతరల తప్పిపోయిన కవలల లెక్క.

ఫోన్ల ఫొటోలున్నయి.
అన్నిట్ల నా బొటనవేలున్నది.

మూడు రోజులు బిగించిన.
మొదటిసారి టాపు లేవలేదు.
రెండోసారి లేచింది, దిగలేదు.
మూడోసారి ఒక పక్క మాత్రం లేచి
బస్సు ఆపేటోని చెయ్యోలె గాల్లనే నిలబడ్డది.
సరోజన తొంగిచూసి
"దండెం లెక్క పనికొస్తది తియ్" అని
తడి లుంగీ దాని మీద ఆరేసి పోయింది.

గప్పుడొచ్చింది యాకలక్ష్మవ్వ,
వానకాలం తప్ప కనపడని మనిషి.
"గొడుగులూ... ఇరిగిన గొడుగులూ..."
భుజాన సంచి, సంచిల పుల్లలు, తీగె, చిన్న పటుకారు.
అరుగు మీద కూసొని మా నల్ల గొడుగు కుట్టుకుంట కుట్టుకుంట
కారు దిక్కు చూసింది.
"గిది ఎవలి గొడుగు?"

నేను నవ్విన. ఆమె నవ్వలేదు.
లేచొచ్చి పట్టీ పట్టుకొని
దాని మొన బొటనవేలితోని తడిమింది.
"తెరిచేటట్టు బిగించినవ్ బిడ్డా.
తెరుసుడు ఎవలకైన అస్తది.
మడిసినప్పుడు ఏది దేని కడుపులకు పోతదో
అది చూసి బిగియ్యి.
ముందుగాల బట్ట తీసెయ్. బట్ట అబద్ధం చెప్తది."

రెక్జీను ఊడదీసి పక్కకు పెట్టినం.
ఒట్టి ఎముకలు.
ఆమె ఒక దిక్కు, నేనొక దిక్కు.
అన్నిటినీ పండబెట్టి,
పొట్టి పట్టీ పొడుగుదాని సంకల దూరేదాక తిప్పి తిప్పి
పిన్ను గుచ్చినం.
వంపు లోపలికి ఉన్నది ఎడమది.
మూడు రోజులు నేను
కుడి చెప్పు ఎడమ కాలికి తొడిగి
నడువు నడువుమని కొట్టిన దాన్ని.

స్ప్రింగు తగిలించంగ నా వేలు నలిగింది.
ఆమె పట్టించుకోలేదు.
ఆమె వేళ్లకు గసొంటి మచ్చలు ఎన్నున్నయో.

లేపినం.
కిర్రు లేదు.
రెండు పక్కలు ఒక్కతీరుగ లేచి
నెత్తి మీదికొచ్చి ఆగినయి.
దించితే కొంగ రెక్క ముడిసినంత నిమ్మళంగ పండుకున్నయి.
సరోజన వచ్చి
కింద పడ్డ లుంగీ ఏరుకపోయింది.

గొడుగుకు నలభై అన్నది అవ్వ.
కారుకు ముప్పై.
"అంత పెద్దదానికా?" అంటే
"పుల్లలు తక్కువున్నయ్ దానికి" అన్నది,
సంచి భుజానికేసుకుంట.

ఆమె పోయినంక చాట దులిపితే
టింగుమని ఒక వాషరు.
ఎక్కడిదో తెల్వది.
గల్లి చివరి దాక ఉరికిన.
ఆమె గొంతు అండర్‌బ్రిడ్జి కింద,
మీద పోతున్న గూడ్సు బండి చప్పుట్ల కలిసిపోయింది.

శ్రావణంల మొదటి బరాతు కరీమాబాద్‌కు.
పెండ్లికొడుకు పొడుగు మనిషి, తలపాగ ఇంకింత పొడుగు.
నడిమిట్ల చినుకులు.
బ్యాండోళ్లు డప్పులు కొంగు కింద దాసుకున్నట్టు కడుపుల పెట్టుకున్నరు.
టాపు లేపిన.
లేచింది.
ఒక చెయ్యి స్టీరింగు మీద,
ఒక చెయ్యి జేబుల
వాషరు మీద.