తొమ్మిది యూనిట్లు

సైదాపురం దాటినాక రోడ్డు మెరుస్తుంది.
ఎవరో కావాలని చల్లినట్టు
మట్టి నిండా కాకిబంగారం తునకలు.
కళ్ళు చికిలించి బండి నడుపుతాను.
ఎండలో నా మిషను తెర కనపడదు,
ప్రతి మీటరు ముందూ
అరచేత్తో దానికి కాస్త నీడ పట్టాలి.
ఎండంటే పనికి అడ్డం.
అప్పటిదాకా నాకు తెలిసింది అంతే.

మస్తానమ్మ ఇంటి మీటరు
నిరుడు నెలకి నలభై తిరిగేది.
ఈ మూడు నెలలూ పన్నెండు, పదకొండు,
ఇప్పుడు తొమ్మిది.
ఏఈ గారు నన్నడుగుతారు, నేను ఈమెనడగాలి.
కొక్కెమేమైనా తగిలించిందా అని
తీగ వెంట చూపు పోనిచ్చాను.
ఒక పాలపిట్ట కూర్చుని ఉంది, అంతే.

"లోపలికొచ్చి చూసుకో అబ్బయ్యా" అంది.
నేను చెప్పులిప్పుతుంటే
"ఏముందని దాచను" అని కూడా అంది.

లోపల బల్బు వెలగడం లేదు.
చీకటి కూడా లేదు.
కప్పులో నాలుగు చోట్ల పెంకులు తీసి
చెక్క చట్రాల్లో అభ్రకం పలకలు బిగించారు.
వాటిలోంచి దిగే వెలుతురు ఎండలా లేదు,
పెసలు కడిగిన నీళ్ళలా
కొంచెం పచ్చగా, కొంచెం చల్లగా ఉంది.
కొత్తగా సున్నం కొట్టిన గోడకి
ఏటవాలుగా ఆనించిన ఇత్తడి తాంబాళం
పొయ్యి మూలకి తన వంతు పంపిస్తోంది.

"ముప్పై ఏండ్లు గని షెడ్డులో ఈ పొరలే చీల్చా.
ఈ బొటనేలినడుగు, చెప్తది.
ఇస్త్రీపెట్టెల్లోకంట, హీటర్లలోకంట,
లారీలకెత్తి పంపించేవోళ్ళు.
కరెంటు పక్కన వాటికి కాపురాలు.
నేను మాత్రం పట్టపగలు బల్బేసుకొని
రవికెలు కుట్టుకుంటా ఉన్న్యా.
ఇయ్యి గని మూసినాక గుట్టమీద ఏరుకొచ్చినయ్యి,
పనికిరావని పారబోసినయ్యి.
చట్రాలు బిగించేటప్పుడు వడ్రంగి నవ్వాడు.
నవ్వనీలే అనుకున్న్యా."

పొద్దున తూరుపు మూల కుట్టుమిషను,
మధ్యాహ్నం నడింట్లో,
సందెవేళకి పడమటి గడప దగ్గర.
వెలుతురు జరిగిన కొద్దీ ఆమె జరుగుతుంది.
గచ్చు మీద మిషను కాళ్ళు గీసిన గీతలు,
వాటిని చూసి టైము చెప్పొచ్చు.

"వానొస్తే?" అన్నాను, ఎక్కడో తప్పు దొరకాలని.
"వాననాడు కాజాలు కుట్టను, బియ్యం ఏరుకుంటా.
రాత్రికి బల్బేస్తా. దాన్నేం నేను వెలివెయ్యలా."

సూదీ దారం నా చేతికిచ్చింది.
"ఎక్కించు చూద్దాం."
పొద్దస్తమానం తెర చూసి మసకబారిన కళ్ళు నావి.
అభ్రకం కింద నిలబడ్డాను.
ఒక్కసారికే ఎక్కింది.
బళ్ళో మెప్పు కోసం చూసే పిల్లాడిలా
ఆమె వైపు తిరిగాను.
సూది లాక్కుని అప్పటికే పనిలో పడింది.

వాడకం తగ్గింది, కారణం ఏమిటంది నా మిషను.
తాళం వేసిన ఇల్లు.
ఆగిన మీటరు.
కాలిన మీటరు.
ఇంకేవీ లేవు అందులో.
కింద ఖాళీ గడిలో "పైకప్పు" అని కొట్టి,
చెరిపేసి,
"సరిగానే ఉంది" అని కొట్టాను.

చీటీ అందుకుని పైకెత్తి వెలుతురుకి పట్టింది.
అక్షరాలు రావు ఆమెకి, అటూ ఇటూ తిప్పింది.
"ఎంత?"
"తొమ్మిది."
"పోయిన్నెల పదకొండు గదా."
కాసేపు లెక్కేసుకుంది.
"చైత్రం గదబ్బయ్యా, పొద్దు సాగింది."

పక్క వీధిలో రెండంతస్తుల మేడ.
కిటికీలకి అట్టలు, లోపల మూడు ట్యూబులైట్లు.
"ఇంత బిల్లేంది?" అని ఇంటాయన
నా మీద మీదికొస్తున్నాడు.
నేను నా చొక్కా చేతికి అంటిన
మెరుపు పొడి చూస్తున్నాను.
దులపబుద్ధి కాలేదు.