అణాల లెక్క

వ్యాన్ చండూరు దాటినంక
బత్తాయి తోటలు కొంచెం దూరం తోడొస్తయి,
తర్వాత రాళ్లే.
"ఇయ్యాల ఆరిండ్లు మేడం" అంటడు సైదులు.
ఒళ్ళో పెట్టె: దూది, గాజుగుడ్డ, సెలైన్ సీసా,
పుండు వాసన చంపే గోలీల పొడి,
తాళమేసిన డబ్బాల మార్ఫిన్.
తాళంచెవి నా సిలువ గొలుసుకే ఉంటది.

నొప్పి ఎంతుందో అడగాలె.
సున్నా నుంచి పది దాకా అని ట్రైనింగ్‌ల నేర్పిన్రు,
నవ్వే మొకం నుంచి ఏడ్చే మొకం దాకా
బొమ్మల కార్డు ఇచ్చిన్రు.
జంగమ్మ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి
నా చేతుల్నే పెట్టింది.
నలభై ఏండ్లు కిరాణం నడిపిన మనిషి.
నాలుక సగం పోయినా లెక్క పోలేదు.
మనుమరాలి పలక తీస్కోని రాసింది:
పన్నెండణాలు.

ఆ దినం నుంచి అందర్నీ అణాలల్లనే అడుగుతున్న.
మర్రిగూడ దిక్కు, బోరునీళ్లకు వంగిపోయిన పెద్దాయన
"నడుముది పాత బాకీ, అది రాయకు,
కడుపులది రాయి, పదణాలు" అన్నడు.
తాటిచెట్టు మీదికెళ్లి పడ్డ లింగస్వామికి
నడుము కింద దమ్మిడీ లేదు,
పైన నిండు రూపాయి.
అణాలంటే తెల్వని ఇరవై మూడేండ్ల పిల్లగాడు
ఫోన్ల బ్యాటరీ చూపిచ్చిండు:
పదకొండు శాతం.
అది నొప్పో, మిగిలిన పానమో
నేను అడగలే.

జంగమ్మ ఇంట్ల మొదటి దినం
నా పేరు ఎస్తేరు అనంగనే
కోడలు స్వరూప స్టీలు గ్లాసు లోపల పెట్టి
ప్లాస్టిక్‌ది తెచ్చింది.
చాయ తాగిన.
చేతులు కడుక్కోని
నాలుగు దినాల నుంచి ఎవ్వరూ ముట్టని కట్టు విప్పిన.
దవడ పుండుల పురుగులు.
టర్పెంటైన్ చుక్కలేసి, అవి బయటికొస్తుంటే
ఒక్కొక్కటే చిమటాతో తీసిన, ఇరవై ఆరు.
జంగమ్మ నా కండ్లల్లకే చూస్తున్నది
మొకం తిప్పుతనా లేదా అని.
తిప్పలే.
అబద్ధం. ఒక్కసారి తిప్పిన,
దూది కోసం అన్నట్టు.

నాలుగో వారం పలక మీద రాసింది
నాకు కాదు, కోడలికి:
స్టీలుది.
ఆ చాయల చక్కెర ఎక్కువైంది.
దాంతో బాకీ తీరిందా
నాకింకా తెల్వదు.

మందు పెంచినంక రెండణాలకు దిగింది.
ఇంకొంచెం పెంచుదమా అంటే తల అడ్డంగ ఊపి
నిదానంగ రాసింది:
రెండు ఉండనీ, కొట్టు తెరిచినట్టుంటది.

చివరి వారం పెద్దకొడుకు అరుగు మీద నా మీదికి లేచిండు.
సెలైన్ ఎక్కియ్యకపోతే నువ్వేం నర్సువు?
మా దిక్కు సెలైన్ లేకుండ పోయినోళ్లు
అన్యాలంగ పోయినట్టే.
ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరుతయని
రెండుసార్లు చెప్పిన, ఇన్లే.
మూడోసారి చెప్పలే.
ఒక బత్తాయి కోసి, దూది తడిపి
ఆయన చేతుల పెట్టిన.
బియ్యం బస్తాలెత్తే చేతులు
తల్లి పెదవుల కాడ వణికినయి.

తెల్లారగట్ల నాలుగింటికి ఫోనొచ్చింది.
నేను పోయేసరికి పందిరేస్తున్నరు.
మిగిలిన గోలీలు లెక్కవెట్టిన, పద్నాలుగు.
రిజిస్టర్ల సంతకం చేయించుకున్న.
గూట్లె పలక.
ఏదో రాసి అరచేత్తో తుడిచినట్టు తెల్లటి మరక.
అర్ధణానో, సున్నానో,
ఎవరి పేరో.
స్వరూప తడిగుడ్డ పట్టుకోని నా దిక్కు చూసింది.
తుడువమని చెప్పలే,
వద్దనీ చెప్పలే.

బయట సైదులు హారన్ కొట్టలే.
నేను ఎక్కినంక చాన సేపటికి అన్నడు,
"ఇంకా ఐదిండ్లున్నయి మేడం."