తుమ్ముల లెక్క

జెండా పాటకు ఇంకా గంట టైముంది.
ఏనుమాముల యార్డుల
బస్తాల మీద బస్తాలు, బస్తాల మీద మనుషులు.
దడువాయి పని నాది.
కాంటా పక్కన స్టూలు మీద కూసోని
పేపర్ల ఎవరూ సదవని మూల సదువుతున్న.

ఆఫ్రికాల అడవికుక్కలు
వేటకు పోవాల్నా వద్దా అన్నది
తుమ్మి తేల్చుకుంటయట.
సదువుకున్నోళ్లు కొందరు పనిగట్టుకోని పోయి
ఒక్కో తుమ్మును రాసుకున్నరట.
పెద్దకుక్క లేచి నిలవడితే
మూడు తుమ్ములు సాలు, మంద కదులుతది.
చిన్నకుక్క లేస్తే
పది దాక కావాలె.

నవ్విన.
నవ్వుతుంటేనే తుమ్మొచ్చింది.

మా దగ్గర తుమ్ము వార్త గాదు.
సంకురాత్రి పోయినకాంచి ఎండలు ముదిరేదాక
మేం పీల్చేది గాలి గాదు, ఘాటు.
తేజ కాయ తుమ్ము సన్నగ, సూది లెక్క.
చపాటకు రంగే గాని తుమ్ము తక్కువ.
తాలుకాయది మాత్రం పాడు తుమ్ము,
బయటికి రాదు, లోపటికి పోదు,
ఇంటికొచ్చి అన్నం ముందట కూసున్నంక వస్తది.
కళ్లు మూసుకోని ఉన్నా
ఏ తుమ్ము ఏ రాశి కాడిదో చెప్తా నేను.
దీని మీద ఎవరూ పరిశోధన చెయ్యలే.

మా అవ్వకు తుమ్మంటే ఆగు.
చెప్పులేసుకున్నంక ఎవరన్న తుమ్మితే
చెప్పులిడిపిచ్చి, కూసోబెట్టి
చెంబెడు నీళ్లు తాపేది.
అట్ల ఆగిన ఒకనాడు
కాజీపేటల రైలు పోయింది,
రైలెనుక రైల్వే పరీక్ష పోయింది.
ఆనాడు తుమ్మింది మా మేనత్త.
ఆమెకు వారం సంది పడిశం.
పాపం, ఇప్పటిదాక ఆమెతోని అనలే.

ఆ కుక్కలకైతే అదే తుమ్ము
‘పదండ్రి’ అని.

పోయిన మంగళారం
పాట మొదలు వెట్టబోతూ సేటు ఒక్కటి తుమ్మిండు.
పాట ఆగింది.
ఎవరో నీళ్ల సీస అందిచ్చిన్రు.
జోడు తుమ్ము వస్తే దోషం పోతదని
యార్డు యార్డంత ఆయన ముక్కు దిక్కే సూసినం.
రాలే.
ఐదు నిమిషాలకు పాట లేసింది,
క్వింటాలుకు రెండొందలు తగ్గి.
తుమ్ము వల్లనే అని నేననను.
రాసుకుందామంటే సైంటిస్టులు లేకపోయిరి.

ఆ ముందటి రాత్రి
నెల్లికుదురు అవుతల తండ నుంచొచ్చిన లచ్చిరాం
తన ఇరవై రెండు బస్తాల మీద పండుకోని
తెల్లారేదాక తుమ్మిండు.
నేను లెక్కవెట్టలే.
పదైతే ఎప్పుడో దాటినయ్.
ఏదీ కదల్లే.

హమాలీ బొందయ్యకు వార్త సదివి వినిపిచ్చిన.
కొక్కెం భుజానికి తగిలిచ్చుకోని
శానాసేపు ఆలోచన చేసిండు.
‘మరి మొదటి కుక్క ఊకెనే తుమ్మిందో
పోదామని తుమ్మిందో
కడమ కుక్కలకు ఎట్ల ఎరుక?’
పేపర్ల ఆ సంగతి లేదు. రెండుసార్లు ఎతికిన.

రాలిన కాయలు ఊడ్సుకుంట సారమ్మ ఆగి
‘తుమ్ములు లెక్కవెట్టెటోళ్లకు జీతమెంతనట?’ అన్నది.
అదీ లేదు.
‘ఏమున్నదయ్యా మరి ఆ పేపర్ల’ అనుకుంట
మొఖానికి కొంగు సుట్టుకోని
చీపురు జాడిచ్చింది.
లేసింది ఎర్రదుమ్ము.

బొందయ్య తుమ్మిండు. ఒకటి.
ఆటో దించుతున్న పిలగాడు, రెండు.
టీ గ్లాసుల జాలి పట్టుకోని అట్లనే సలీమ్, మూడు, నాలుగు.
గుమాస్తా చిట్టీల మీదికే, ఐదు.
తార్పాలిన్ల అవతల ఎవరో, కనవడలే, ఆరు.
లచ్చిరాం లెక్కనే తలపాగ కట్టుకున్న ఇంకో రైతు
మూడు గుక్కతిప్పుకోకుండ, తొమ్మిది.

పదోది నా ముక్కు కొసన ఉన్నది.
కాంటా కాడ మేం తుమ్మొద్దు,
అంకె వణుకుతది.
ముక్కు పట్టుకోని
బస్తాల పొంటి నిలవడ్డ అందరిని సూస్తున్న.

గంట కొట్టిన్రు.